ఇంట్లో చేసుకున్న గిటారుకు ట్యూనింగ్ కీల అమరిక: తరచుగా అడిగే ప్రశ్నలు

టేకు పలకతోనో, పాత తలుపు చట్రంలోంచి తీసిన కలపతోనో సొంతంగా గిటారు చేసుకునేవారికి నెక్ చెక్కడం, ఫ్రెట్లు దిగగొట్టడం పూర్తయ్యాక ఎదురయ్యే సందేహాలన్నీ దాదాపుగా తీగలను బిగించి శ్రుతి చేసే ట్యూనింగ్ కీల దగ్గరే ఉంటాయి. హైదరాబాదులో దొరికే సామగ్రినీ, ఇక్కడి ఎండావానలనూ దృష్టిలో పెట్టుకుని ఆ సందేహాలకు ఇక్కడ సమాధానాలు రాశాము. నెక్ చివర కీలు అమర్చే భాగాన్ని ‘హెడ్‌స్టాక్’ అనీ, కీలో తీగ చుట్టుకునే కడ్డీని ‘పోస్ట్’ అనీ, చేత్తో తిప్పే పిడిని ‘బటన్’ అనీ, తీగలు ఆనే ఎముక లేదా ప్లాస్టిక్ పట్టీని ‘నట్’ అనీ, కీని పైనుంచి బిగించే ఆరు పలకల దానిని ‘బిగింపు నట్టు’ అనీ వ్యవహరించాము.

ముందు కీలు కొనాలా, హెడ్‌స్టాక్ తయారు చేసుకోవాలా?

కీలే ముందు కొనాలి. రంధ్రం వ్యాసం, అంచు నుంచి రంధ్రానికి ఉండవలసిన దూరం, రెండు రంధ్రాల మధ్య ఎడం, చెక్క మందం అనే నాలుగు కొలతలూ చేతిలో ఉన్న కీని వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తేనే తేలతాయి. అబిడ్స్‌లోనో సికింద్రాబాదులోనో వాద్యాల దుకాణానికి వెళ్ళి ‘గిటారు కీలు’ కావాలంటే సరిపోదు. హెడ్‌స్టాక్ గాళ్ళు ఉన్నదా, గట్టి పలకా, అటు మూడూ ఇటు మూడూ కావాలా, ఆరూ ఒకే వరుసలో కావాలా అన్నది స్పష్టంగా చెప్పాలి.

మార్కెట్లో దొరికే రకాల్లో ఏది ఎంచుకోవాలి?

ప్రధానంగా మూడు రకాలు ఉన్నాయి. నైలాన్ తీగల క్లాసికల్ గిటారుకు ఒక్కో ఇత్తడి పట్టీ మీద మూడేసి కీలు వస్తాయి. క్లూసన్ కంపెనీ తరహా పాత నమూనాకు పలచటి రేకు మూత, 6.35 మి.మీ. పోస్ట్, చెక్కలోకి నొక్కి దించే బుష్ (పోస్ట్ చుట్టూ ఉండే లోహపు గొట్టం) ఉంటాయి. దీని బుష్‌కు సాధారణంగా సుమారు 8.7 మి.మీ. రంధ్రం కావాలి. మూడోది పూర్తిగా మూసి ఉన్న డైకాస్ట్ (అచ్చుపోసిన లోహపు) కీ. దీనికి 10 మి.మీ. రంధ్రం, పైనుంచి వాషరుతో సహా మర ఉన్న బుష్ (ఇదే బిగింపు నట్టు), వెనక ఒక చిన్న స్క్రూ ఉంటాయి.

మొదటి గిటారు చేస్తున్నవారికి డైకాస్ట్ రకమే మేలని మా అభిప్రాయం. రంధ్రం అంచు కాస్త చిట్లినా దాని వాషరు కప్పేస్తుంది. నొక్కి దించే బుష్ అయితే వెంట్రుకవాసి తేడాను కూడా క్షమించదు.

14:1, 18:1 అనే నిష్పత్తులకు అర్థం ఏమిటి? ఎక్కువ నిష్పత్తి ఉంటే మంచిదేనా?

బటన్ పద్నాలుగు చుట్లు తిరిగితే పోస్ట్ ఒక చుట్టు తిరగడం 14:1. పోస్ట్ వ్యాసం 6 మి.మీ. అనుకుంటే దాని చుట్టుకొలత సుమారు 18.8 మి.మీ. అవుతుంది. కాబట్టి బటన్ ఒక్క చుట్టుకు 14:1 కీ దాదాపు 1.35 మి.మీ. తీగను లాగితే, 18:1 కీ సుమారు 1.05 మి.మీ. లాగుతుంది. ఉక్కు తీగ స్వల్పంగా సాగినా స్థాయి చాలా మారుతుంది కనుక అక్కడ ఎక్కువ నిష్పత్తి చేతికి సుఖంగా ఉంటుంది. నైలాన్ తీగ విపరీతంగా సాగుతుంది. అందుకే క్లాసికల్ కీలకు పోస్ట్‌కు బదులు 10 మి.మీ. లావు రోలర్ పెట్టి, ఒక్కో చుట్టుకు ఎక్కువ తీగ లాగేలా చేస్తారు. నిష్పత్తి వలన శ్రుతి నిలకడ పెరగదు, శ్రుతి చేయడం సులువవుతుంది, అంతే.

రంధ్రాల స్థానాలను ఎలా గుర్తించాలి?

చాలామంది నట్ గాడి నుంచి రంధ్రం మధ్యకు నేరుగా గీత గీసి, అక్కడే చుక్క పెడతారు. తీగ పోస్ట్ మధ్యలోంచి కాక, దాని పక్క నుంచి చుట్టుకుంటూ వెళ్తుందన్న సంగతి ఆ గీతలో కనిపించదు. అటు మూడూ ఇటు మూడూ ఉన్న హెడ్‌స్టాక్‌లో తీగలన్నీ పోస్టుల లోపలి వైపు నుంచి చుట్టుకుంటాయి. అందువలన ముందుగా నట్ గాడి నుంచి తీగ దారిని గీసుకుని, ఆ దారి నుంచి బయటి అంచు వైపుకు పోస్ట్ వ్యాసంలో సగం, అంటే సుమారు 3 మి.మీ., జరిపి రంధ్రం మధ్యబిందువును గుర్తించాలి. ఈ 3 మి.మీ. వదిలేస్తే మధ్య తీగలు నట్ గాడిలో పక్కకు ఒరుసుకుని, శ్రుతి చేస్తున్నప్పుడు ‘టిక్’మని చప్పుడు చేస్తాయి.

అంచు దూరాన్ని కీ కాడే నిర్ణయిస్తుంది. రంధ్రం మరీ లోపలికి వెళ్తే బటన్ చెక్క అంచును రాసుకుంటుంది. మరీ బయటికి వస్తే కీ వెనక స్క్రూ వేయడానికి చెక్కే మిగలదు. రెండు కీల మధ్య ఎడం విషయంలో కీ ఒంటి వెడల్పు కంటే బటన్ల మధ్య వేళ్ళు తిరగడమే ముఖ్యం. నట్‌కు దగ్గరగా ఉండే మొదటి రంధ్రాన్ని సుమారు 40 మి.మీ. దూరంలో పెట్టుకోవడం క్షేమం. వంపు ఉన్న హెడ్‌స్టాక్‌ను ఒకే పలకలోంచి కోసి ఉంటే, నట్ వెనక నార అడ్డంగా తెగి చెక్క బలహీనంగా ఉంటుంది. ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల ఉంచే ఇనుప కడ్డీ) గూడు కూడా అక్కడే వస్తుంది. మందపాటి అట్ట మీద నమూనా కోసి, ఆరు కీలనూ దాని మీద పెట్టి, నట్ గాళ్ళ నుంచి దారాలు లాగి చూసుకున్న తరువాతే చెక్కను ముట్టుకోవాలి.

రంధ్రాలు నిటారుగా రావాలంటే ఏం చేయాలి?

ఇది ఈ పని అంతటిలోనూ తొందర పనికిరాని ఘట్టం. స్టాండుకు బిగించిన డ్రిల్లింగ్ మెషిన్ ఉంటే మంచిది. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో, మధ్యలో మొన, అంచుల్లో కోసే పళ్ళు ఉన్న చెక్క డ్రిల్ బిట్‌ను అడిగి తీసుకోవాలి. ఇనుముకు వాడే మామూలు బిట్ చెక్క నార వెంట పక్కకు జారిపోతుంది.

వంపు హెడ్‌స్టాక్ అయితే దాని ముఖం పైకి, సమతలంగా ఉండేలా బల్ల అంచున ఒక దిమ్మ మీద ఆనించి, నెక్‌ను బల్ల బయటికి కిందికి వాలనివ్వాలి. నెక్‌ను బల్ల మీద పరిచి హెడ్‌స్టాక్‌ను గాలిలో ఉంచితే బిట్ వాలుగా దిగుతుంది. అలా దిగిన రంధ్రంలో పోస్ట్ ఒరిగి నిలబడుతుంది, బిగింపు నట్టు ఒక పక్కే ఆనుతుంది.

గుర్తు మీద పంచ్‌తో చిన్న గుంట పెట్టి, ముఖం వైపు నుంచి మొదలుపెట్టాలి. మొన వెనక వైపు సూదంత కనబడగానే ఆపి, చెక్కను తిప్పి, ఆ సూది రంధ్రంలోనే మొన పెట్టి వెనక నుంచి పూర్తి చేయాలి. ఇలా చేస్తే రెండు ముఖాల మీదా పెచ్చు ఊడదు. 10 అని రాసి ఉన్న బిట్ 10.2 రంధ్రం చేయడం మామూలే కాబట్టి, ముందు అదే మందం ఉన్న పనికిరాని ముక్కలో పరీక్షించాలి. బొటనవేలితో నొక్కితే కీ దిగాలి, వదిలాక కదలకూడదు. సరైన బిగువు అది.

చేతి డ్రిల్ మాత్రమే ఉన్నవారు ఒక గట్టి చెక్క దిమ్మకు దగ్గరలోని వడ్రంగి మెషిన్ మీద నిటారు రంధ్రం వేయించుకుని, దానిని గుర్తు మీద క్లాంపుతో బిగించి, బిట్‌ను ఆ రంధ్రంలోంచే నడపవచ్చు.

ఏ చెక్క మీద కీలు గట్టిగా నిలబడతాయి?

మహాగని, పనస, రోజ్‌వుడ్, టేకు నాలుగూ నిలబడతాయి. టేకులో సిలికా ఉండడం వలన బిట్ పదును త్వరగా పోతుంది. నూనె గుణం వలన జిగురు సరిగా పట్టదు కనుక అతికించే ముందు థిన్నర్‌తో తుడవాలి. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క చెక్కుకోవడానికి ఎంత హాయిగా ఉన్నా, బిగింపు నట్టు కిందనే నొక్కుకుపోయేంత మెత్తన కనుక హెడ్‌స్టాక్‌కు పనికిరాదు.

రంధ్రాలు 8.7 మి.మీ. వేసుకున్నాను, ఇప్పుడు 10 మి.మీ. కీలు వచ్చాయి. పెద్ద బిట్‌తో నేరుగా తొలిచేయవచ్చా?

నేరుగా తొలిచే ప్రయత్నం చేయవద్దు. రంధ్రం మధ్యలో చెక్క లేదు కాబట్టి బిట్ మొనకు పట్టు ఉండదు. అంచు పళ్ళు ఒక్కసారిగా చెక్కను పట్టుకుని లోపలికి లాక్కుంటాయి. అప్పుడు హెడ్‌స్టాక్ నార వెంట చీలిపోయే ప్రమాదం ఉంది.

నాలుగు పనులు ఎక్కువైనా నమ్మదగిన పద్ధతి రంధ్రాన్ని మూసి మళ్ళీ వేయడమే. సరిపోయే గుండ్రటి చెక్క పుల్లను కొద్దిపాటి ఫెవికాల్‌తో దిగగొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, రెండు వైపులా సమంగా కోసి, కొత్తగా మధ్యబిందువు గుర్తించి 10 మి.మీ. బిట్ వాడాలి. మొదటి రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు వెళ్ళి ఉంటే దానిని సరిదిద్దుకునే అవకాశం కూడా ఇందులోనే ఉంది.

రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెద్దది చేసే, చేతితో తిప్పే కోసు రీమర్ కూడా పనికొస్తుంది. అయితే దానిని రెండు వైపుల నుంచీ తిప్పితే రంధ్రం మధ్యలో నడుము సన్నగా మిగులుతుంది. 8 మి.మీ. కడ్డీకి ఉప్పుకాగితం చుట్టి ఆ నడుమును అరగదీయాలి.

దీనికి వ్యతిరేకంగా, 10 మి.మీ. రంధ్రాల్లో సన్నటి పాత తరహా కీలు బిగించాలంటే?

బయటి వ్యాసం 10 మి.మీ., లోపలి వ్యాసం 6.35 మి.మీ. ఉన్న మార్పిడి బుష్‌లు విడిగా అమ్ముతారు. అవి దొరకకపోతే ఇత్తడి కడ్డీతో తిప్పించుకోవచ్చు. 1968లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఏర్పడిన బాలానగర్ ప్రాంతంలో చిన్న లేత్ పనులు చేసే షెడ్లు ఉన్నాయి. నోటిమాటతో చెప్పకుండా కాగితం మీద బొమ్మ గీసి, కొలతలన్నీ మిల్లీమీటర్లలో రాసి, ఒక పోస్ట్‌ను నమూనాగా వెంట తీసుకువెళ్ళాలి. లోపలి రంధ్రం పోస్ట్ కంటే 0.1 మి.మీ. వరకు వదులుగా ఉంటే చాలు. అంతకు మించితే తీగ బిగిసినప్పుడు పోస్ట్ నట్ వైపు వాలుతుంది.

బుష్‌ను సుత్తితో కొట్టి దించవచ్చా?

కొట్టకూడదు. పాలిష్ పూసిన హెడ్‌స్టాక్ మీద ఒక్క వంకర దెబ్బ పడితే పూత రంధ్రం చుట్టూ బీటలు వారుతుంది. ముందుగా రంధ్రం అంచున పూతను గుండ్రంగా కాస్త అరగదీసి, లోపల పేరుకున్న వార్నిష్‌ను ఉప్పుకాగితంతో తీసేయాలి. ఆ తరువాత పొడవాటి బోల్టు, రెండు పెద్ద వాషర్లు, ఒక నట్టు తీసుకుని, చెక్క ముక్కలు అడ్డుపెట్టి, స్పానరుతో మెల్లగా బిగిస్తూ బుష్‌ను లోపలికి లాగాలి.

వెనక వేసే చిన్న స్క్రూ విరిగిపోయింది. ఎలా తీయాలి?

కీలతో వచ్చే స్క్రూలు మెత్తటి లోహంతో చేసినవి. టేకులోకో రోజ్‌వుడ్‌లోకో ముందు రంధ్రం లేకుండా తిప్పితే వాటి తల తెగిపోతుంది. తెగిన ముక్కను పట్టుకారుతో లాగాలని చుట్టూ చెక్కను తవ్వితే గాయం కీ మూతకన్నా పెద్దదవుతుంది. సన్నటి ఉక్కు గొట్టం చివర ఆకురాయితో పళ్ళు కోసి, దానిని డ్రిల్‌కు బిగించి, స్క్రూ చుట్టూ తొలిస్తే ముక్క చెక్కతో సహా బయటికి వస్తుంది. ఆ గుంటను జిగురు పూసిన వెదురు పుల్లతో నింపి మళ్ళీ సన్న రంధ్రం వేసుకోవచ్చు. ఈ స్క్రూ పని కీ గిరగిరా తిరగకుండా ఆపడమే. తీగ బరువును మోసేది బుష్, పోస్ట్. కనుక వెదురు పుల్ల సరిపోతుంది.

అసలు విరగకుండా ఉండాలంటే, 2 మి.మీ. స్క్రూకు 1.6 మి.మీ. రంధ్రం వేసి, అదే కొలత ఉన్న ఉక్కు స్క్రూతో ముందు మర కోయించి, అసలు స్క్రూకు సబ్బు రుద్ది బిగించాలి.

ఆరూ ఒకే వరుసకు ఉద్దేశించిన సెట్‌ను అటు మూడూ ఇటు మూడూ బిగించవచ్చా?

బిగించవచ్చు కానీ అది సరైన పని కాదు. ఆ సెట్‌లోని కీలన్నీ ఒకే చేతి వాటం ఉన్నవి. రెండో వైపు బిగించడానికి మూడింటిని తలకిందులు చేయాలి. అప్పుడు వాటి బటన్లు ఎదురు దిశలో తిప్పవలసి వస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. తీగ ఎప్పుడూ పోస్ట్‌ను నట్ వైపుకు లాగుతుంది. పోస్ట్ చక్రానికి నట్ వైపున వార్మ్ (బటన్ కాడ మీద ఉండే మరలాంటి గేరు) ఉంటే ఆ లాగుడు వలన పళ్ళు ఒకదానిలో ఒకటి గట్టిగా కూర్చుంటాయి. తలకిందులైతే పళ్ళు విడిపోయే వైపుకు లాగుడు పడుతుంది. మూత లేని చవక కీలలో ఈ తేడా చేతికి తెలుస్తుంది.

ఆరూ ఒకే వైపు ఉండే అమరిక ఎలక్ట్రిక్ గిటార్లతో పుట్టినదేమీ కాదు. వియన్నా పద్ధతి నేర్చుకుని 1833లో అమెరికాకు వెళ్ళిన గిటార్ల తయారీదారు సీ. ఎఫ్. మార్టిన్ తొలినాటి గిటార్లలోనే అది కనిపిస్తుంది. ఉన్న సెట్‌ను పారేయడం ఇష్టం లేకపోతే హెడ్‌స్టాక్ ఆకారాన్నే మార్చుకోవడం నయం.

మూడు కీల పట్టీ నా గాళ్ళకు సరిపోవడం లేదు. దానిని ముక్కలుగా కోయవచ్చా?

కోయవచ్చు. క్లాసికల్ పట్టీల మీద రోలర్ల మధ్య ఎడం సాధారణంగా 35 మి.మీ. ఉంటుంది. రంధ్రాలు అర మిల్లీమీటరు తప్పినా రోలర్ చెక్కలో ఇరుక్కుని, గేరు బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది. పట్టీని చెక్క ముక్కల మధ్య పెట్టి వైస్‌లో బిగించి, గేర్లలో రజను పడకుండా టేపు చుట్టి, సన్న పళ్ళ హ్యాక్సా బ్లేడుతో కోసి, అంచులను ఆకురాయితో నునుపు చేయాలి. స్క్రూ రంధ్రాలు రెండేసి ప్రతి ముక్కకూ మిగిలేలా గీత గీసుకోవాలి. మిగలకపోతే కొత్తవి తొలవాలి. గాళ్ళు ఇంకా కోయనివారు మాత్రం పక్క నుంచి రోలర్ రంధ్రాలు ముందు తొలిచి, ఆ తరువాతే గాళ్ళు తీయాలి. గాడి తీశాక తొలిస్తే బిట్ లోపలి గోడ దగ్గర దారి తప్పుతుంది.

హెడ్‌స్టాక్ మందం ఎంత ఉండాలి?

డైకాస్ట్ కీలకు 13 నుంచి 16 మి.మీ. వరకు సాధారణంగా సరిపోతుంది. మందం ఎక్కువైతే బుష్ మర అందదు. అప్పుడు పోస్ట్‌ను ఏమీ చేయకుండా, వెనక చెక్కనే చిత్రిక పట్టి తగ్గించాలి. మందం తక్కువైతే పోస్ట్ ఎత్తుగా నిలిచి, తీగ నట్ మీద తగినంత కోణంతో ఒరగదు. ముఖం మీద 2 మి.మీ. పలక అతికిస్తే సరిపోతుంది. వెనక ముఖం, ముందు ముఖం సమాంతరంగా ఉండాలి.

అన్నీ సరిగ్గానే బిగించాను. అయినా శ్రుతి దిగిపోతోంది, కీలు జారుతున్నాయా?

కీలు జారడం చాలా అరుదు. వార్మ్ తిప్పితే చక్రం తిరుగుతుంది కానీ, చక్రాన్ని లాగి వార్మ్‌ను తిప్పడం సాధ్యం కాదు. పన్నెండు గేజి (అన్నిటికంటే సన్న తీగ 0.012 అంగుళాలు ఉండే) ఉక్కు తీగల సెట్ మొత్తం లాగుడు 70 కిలోల పైచిలుకు ఉంటుంది, అంటే ఒక్కో కీ మీద సుమారు 12 కిలోలు. పళ్ళు అరిగిపోతే తప్ప, ఆ బరువుకు కీ వెనక్కి తిరగదు. ఖరీదైన కీలు కొనే ముందు మూడు చోట్ల చూడాలి.

మొదటిది నట్ గాడి. శ్రుతి చేస్తుంటే కాసేపు మారకుండా ఉండి, హఠాత్తుగా ఎగిరితే తీగ గాడిలో ఇరుక్కుంటున్నట్టే. గాడిని సన్న ఆకురాయితో సరిచేసి, పెన్సిల్ సీసపు పొడి రాయాలి. రెండవది చుట్లు. లావు తీగలకు రెండు, సన్న తీగలకు మూడు చుట్లు, ఒకదాని కింద ఒకటిగా, పోస్ట్ కిందికి దిగుతూ ఉండాలి. ఒకదాని మీద ఒకటి పడిన చుట్లు వాయిస్తున్నంతసేపూ సర్దుకుంటూనే ఉంటాయి. మూడవది శ్రుతి చేసే తీరు. ప్రతి గేరులోనూ కొద్దిపాటి ఖాళీ తిరుగుడు ఉంటుంది కనుక, స్థాయి దాటిపోతే బాగా కిందికి దించి, మళ్ళీ కింది నుంచి పైకి ఎక్కించి ఆపాలి. ఆరవ తీగ 82.4 హెర్ట్జ్ దగ్గర, ఐదవ తీగ 110 దగ్గర నిలవాలంటే రెండింటినీ కింది నుంచే చేరుకోవాలి.

వానాకాలంలో బాగున్న కీలు ఏప్రిల్, మే నెలల్లో గలగలమంటున్నాయి. ఎందుకు?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా చెక్క తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, హైదరాబాదు ఎండాకాలపు పొడిగాలికి కుంచించుకుపోతుంది. వానల్లో బిగించిన బిగింపు నట్టు ఎండల్లో వదులవుతుంది. సాధారణంగా 10 మి.మీ. స్పానరుతో కొద్దిగా తిప్పితే చాలు. బలమంతా పెడితే వాషరు పూతను నొక్కి పగలగొడుతుంది. నొక్కుడు బుష్ వదులైతే దాని చుట్టూ ఒక పొర పలుచటి కాగితం చుట్టి మళ్ళీ దించాలి. జిగురు పోసి శాశ్వతంగా అతికిస్తే తరువాత తీయడం కష్టం.

పాత వీణకు ఇవే కీలు అమర్చవచ్చా?

బిరడలకు (రంధ్రంలో రాపిడితో నిలిచే చెక్క కీలకు) బదులు గేరు కీలు ఉన్న వీణలను ఇప్పుడు చాలామంది వాయిస్తున్నారు, కాబట్టి పద్ధతి కొత్తదేమీ కాదు. అయితే బిరడ రంధ్రం ఒక వైపు వెడల్పుగా, మరో వైపు సన్నగా కోసుగా ఉంటుంది. దానిలో సమవ్యాసం ఉన్న పోస్ట్ నిలబడదు. కోసు చెక్కతో పూర్తిగా మూసి, ఆరాక కొత్త రంధ్రం వేయాలి. నాలుగు వాయించే తీగలు, మూడు తాళపు తీగలు కలిపి ఏడు కీలు కావాలి కనుక ఆరు కీల గిటారు సెట్ చాలదు. పనసతో చేసిన పాతకాలపు మంచి వీణ అయితే, రంధ్రాలు మార్చే ముందు అరిగిన బిరడలకే సుద్ద, సబ్బు రాసి చూడాలి. కోసు రంధ్రం ఒకసారి మూసేశాక తిరిగి రాదు.

కీలకు నూనె వేయాలా?

డైకాస్ట్ కీల లోపల గ్రీజు ఉంటుంది, వాటిని విప్పనవసరం లేదు. గేర్లు బయటికి కనిపించే కీలకు కుట్టుమిషన్ నూనెను సూది మొనతో ఒక్కో చుక్క గేరు పళ్ళ మీద పెట్టి, మిగిలినది వెంటనే గుడ్డతో తుడవాలి. చెక్కలోకి ఇంకిన నూనె మీద వార్నిష్ పట్టదు. బటన్ మరీ వదులుగా తిరుగుతుంటే, కొన్ని రకాల్లో దాని చివర ఉండే చిన్న స్క్రూను పావు చుట్టు బిగిస్తే సరిపోతుంది.